చేపలు వదలకముందు తొట్టెను ఎలా సిద్ధం చేయాలి? ఈసారి తొందరపడను

సుధ_వనస్థలిపురం | జనవరి 5, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

దసరా సెలవుల్లో మా అబ్బాయి (తొమ్మిదేళ్ళు) అడిగాడని 2 అడుగుల అక్వేరియం కొన్నాం. షాపతను తొట్టె, మోటారు, రంగు రాళ్ళు, ఆరు గోల్డ్‌ఫిష్ అన్నీ ఒకేసారి కట్టి ఇచ్చి, "నీళ్ళు పోసి ఈ నీలం మందు పది చుక్కలు వేయండి, సాయంత్రానికి చేపలు వదిలేయొచ్చు" అన్నాడు. అలాగే చేశాం. మూడో రోజుకు నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. భయమేసి నీళ్ళన్నీ పారబోసి, రాళ్ళూ స్పాంజీ కుళాయి కింద రుద్ది రుద్ది కడిగి మళ్ళీ నింపాను. రెండు రోజులకోసారి అదే పని. ఐదో రోజు నుంచి చేపలు నీటి పైకొచ్చి నోళ్ళు తెరుస్తూ ఉండేవి. వాటి మొప్పలు ఎర్రగా అయిపోయాయి. తొమ్మిదో రోజుకు ఒక్కటీ మిగల్లేదు. ఆఖరి చేప పోయిన రోజు మా వాడు అన్నం ముట్టలేదు. పెరట్లో జామచెట్టు కింద పాతిపెట్టాం.

అప్పటి నుంచి తొట్టె అటక మీదే ఉంది. ఇప్పుడు మళ్ళీ అడుగుతున్నాడు. ఈసారి నెల పట్టినా పర్లేదు, సరిగ్గా చేయాలనుకుంటున్నాను. ఎక్కడ తప్పు జరిగింది? ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

పాత_అక్వేరియం | జనవరి 5, రాత్రి 10:25

సుధగారూ, చదువుతుంటే బాధేసింది. కొత్తగా తొట్టె కొన్నవాళ్ళలో చాలామందికి ఇదే జరుగుతుంది. మీరు నిర్లక్ష్యం చేయలేదు. శుభ్రంగా ఉంచాలనే కడిగారు, ఆ కడగడమే చేపల మీదికి వచ్చింది.

చేప తిన్న ప్రతి మెతుకూ చివరికి అమ్మోనియాగా మారి నీళ్ళలో కలుస్తుంది. ఎక్కువ భాగం మొప్పల నుంచే వస్తుంది. చెరువులో అయితే అంత నీటిలో అది కలిసిపోతుంది, దాన్ని తినే సూక్ష్మజీవులు మట్టి నిండా ఉంటాయి. 50 లీటర్ల గాజు పెట్టెలో అవి మొదట్లో లేనట్టే లెక్క. అవి ఫిల్టర్ స్పాంజిలో, ఇసుక మీద పట్టుకుని పెరగాలి. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్ చేస్తుంది. అదీ విషమే. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తుంది. నైట్రేట్‌ను చేపలు చాలావరకు తట్టుకుంటాయి, వారానికోసారి కొన్ని నీళ్ళు మారిస్తే సరిపోతుంది. ఈ రెండు రకాలూ కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దీన్నే సైక్లింగ్ అంటాం.

మీ స్పాంజ్ మీద అవి అప్పుడప్పుడే పట్టుకుంటున్నాయి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, క్రిములను చంపడానికే దాన్ని కలుపుతారు. దాని కింద స్పాంజ్ రుద్దిన ప్రతిసారీ మొదటికొచ్చింది. నీలం మందు మిథిలీన్ బ్లూ అయి ఉంటుంది. ఫంగస్‌కు వాడతారు, కానీ ఈ బ్యాక్టీరియా ఎదుగుదలను కూడా అడ్డుకుంటుంది. పైగా ఆరు గోల్డ్‌ఫిష్‌కు 2 అడుగుల తొట్టె ఏమాత్రం చాలదు. అవి అడుగు దాకా పెరగగల చేపలు.

కొత్తగా_మొదలు | జనవరి 5, రాత్రి 11:02

అన్నా, నాదీ ఇలాంటి ప్రశ్నే. హాస్టల్లో ఒక ఫైటర్ చేపను పెంచుదామనుకుంటున్నా. బ్యాక్టీరియా సీసాలు అమ్ముతున్నారు కదా, అది పోసేస్తే నెల ఆగక్కర్లేదంటున్నారు. నిజమేనా?

పాత_అక్వేరియం | జనవరి 5, రాత్రి 11:20

తమ్ముడూ, కొన్ని పనిచేస్తాయి, అన్నీ కాదు. లోపల ఉన్నవి ప్రాణమున్న జీవులు. ఎండలో గోడౌన్‌లో పడున్న సీసాలో అవి బతికి ఉన్నాయో లేదో బయటికి తెలియదు. పోసినా టెస్ట్ కిట్‌తో చూసుకున్నాకే చేప. సీసా మీద రాసింది చూసి కాదు.

కెమిస్ట్రీ_మాస్టారు | జనవరి 6, ఉదయం 6:15

హన్మకొండ నుంచి. సుధగారూ, ఒక్క మాట కలుపుతాను. చేపలు లేకుండానే ఈ బ్యాక్టీరియాను పెంచవచ్చు, వాటికి కావలసిన అమ్మోనియా మనమే ఇస్తే చాలు. పూర్వం గట్టి చేపలు నాలుగు వేసి అవి బతికితే మిగతావి వేసేవారు. ఆ నాలుగూ రోజూ విషంలో ఈదుతాయి. చేతిలో వేరే మార్గం ఉన్నప్పుడు ఆ పని చేయడం నాకు మనస్కరించదు.

వాడాల్సింది అమ్మోనియం క్లోరైడ్. గిన్నెలకు కళాయి పూసేవాళ్ళు వాడే నవాసారం ఇదే. కానీ బజార్లో దొరికే ముద్ద నవాసారం వద్దు, అందులో ఇంకేముందో తెలియదు. ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపులో 100 గ్రాముల సీసా అడగండి. 250 మిల్లీలీటర్ల నీళ్ళలో 8 గ్రాములు కరిగించి పెట్టుకోండి. మీ తొట్టెలో ఇసుక పోను 50 లీటర్ల నీళ్ళుంటాయనుకుంటే, ఆ ద్రావణం 10 మిల్లీలీటర్లు పోస్తే 2 పీపీఎం అమ్మోనియా వస్తుంది. అంటే లీటరుకు 2 మిల్లీగ్రాములు. అది చాలు. ఎక్కువ పోస్తే త్వరగా అవుతుందని 6, 8 దాకా తీసుకెళ్ళకండి, అంత ఘాటుకు ఆ బ్యాక్టీరియానే మందగిస్తుంది. సీసా మీద పేరు రాసి పిల్లవాడికి అందనంత ఎత్తులో పెట్టండి.

ఈ జీవుల సంగతి 1890లో వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త తేల్చాడు. పాత పుస్తకాల్లో రెండో పని చేసేది నైట్రోబాక్టర్ అని ఉంటుంది. మంచినీటి అక్వేరియంలలో ఆ పని ఎక్కువగా నైట్రోస్పైరా చేస్తుందని 1998లో తేలింది. నైట్రోస్పైరాలోనే అమ్మోనియా నుంచి నైట్రేట్ దాకా మొత్తం పని ఒక్కటే చేసే రకాలున్నాయని 2015లో బయటపడింది. క్లాసులో ఇది చెప్పినప్పుడు పిల్లల మొహాలు చూడాలి. గాజు పెట్టెలో మూల కూర్చున్న స్పాంజిలో ఇంత జరుగుతుందా అని.

మొక్కల_తొట్టె | జనవరి 6, మధ్యాహ్నం 1:30

నేను ఎల్బీనగర్‌లోనే ఉంటానండీ, మీకు దగ్గరే. బ్యాక్టీరియా సంగతికి ముందు తొట్టె సంగతి చూడండి. మూడు నెలలు అటక మీద ఉందన్నారు కాబట్టి సిలికాన్ అతుకులు ఎండి చీలాయేమో చూడాలి. బాత్రూంలోనో బాల్కనీలోనో నిండా నీళ్ళు పోసి, కింద పాత న్యూస్‌పేపర్ పరిచి 24 గంటలు వదిలేయండి. కారితే కాగితం చెప్పేస్తుంది. సబ్బు, విమ్, ఫినాయిల్ ఏదీ తగలనివ్వకండి. తెల్ల మరకలుంటే వెనిగర్‌తోనో నిమ్మచెక్కతోనో రుద్ది కడిగేయండి.

తర్వాత ఎక్కడ పెడతారో ఆలోచించండి. నీళ్ళు 50 కిలోలు, గాజు ఓ 10, ఇసుక ఓ 10, అంతా కలిపి 70 కిలోలు దాటుతుంది. టీవీ స్టాండు మీద వద్దు. బల్ల సమంగా ఉండాలి, కింద థర్మాకోల్ షీట్ వేయాలి. కింద చిన్న రాయి నలిగినా గాజు అక్కడే పగులుతుంది. కిటికీ ఎండ నేరుగా పడకూడదు, పడితే నీళ్ళు పచ్చబడతాయి.

రంగు రాళ్ళు పక్కన పెట్టేయండి. వాగు ఇసుక జల్లెడ పట్టి బకెట్లో కడగండి. కలిపినప్పుడు పైన నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి, నాకు పదిహేను సార్లు పట్టింది. రోబో శాండ్ వద్దు. అది రాయిని పగలగొట్టి చేసేది, అంచులు పదునుగా ఉంటాయి. ఇసుకలో గవ్వలూ చిప్పలూ ఉన్నాయేమో తెలియాలంటే గుప్పెడు తీసి వెనిగర్ పోయండి. బుస్సుమని నురగొస్తే సున్నం ఉన్నట్టు.

సుధ_వనస్థలిపురం | జనవరి 8, రాత్రి 8:55

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. తొట్టె కారలేదు, న్యూస్‌పేపర్ పొడిగానే ఉంది. ఇసుక కడగడం మా వాడికి అప్పజెప్పాను, ఒళ్ళంతా బురద. వెనిగర్ పోస్తే రెండు మూడు బుడగలు వచ్చాయంతే, ఫర్వాలేదా?

స్పాంజ్ ఫిల్టర్, ఎయిర్ పంపు, చుక్కల టెస్ట్ కిట్ ఆర్డర్ పెట్టాను. మా మేనత్త వాళ్ళ పొలం నుంచి ఒక చింత మొద్దు కూడా తెచ్చాను, లోపల పెట్టొచ్చా?

మొక్కల_తొట్టె | జనవరి 8, రాత్రి 9:30

రెండు మూడు బుడగలకు ఇబ్బంది లేదు. మొద్దు పూర్తిగా ఎండినదేనా? బెరడు ఊడదీసి, పెద్ద గిన్నెలో గంటసేపు మరిగించి, నీళ్ళు మార్చి మళ్ళీ మరిగించండి. టీ డికాషన్‌లా రంగు వదులుతుంది. ఆ రంగు చేపలకు హాని చేయదు. పచ్చి కొమ్మ అయితే మాత్రం వద్దు, కుళ్ళుతుంది. మొదటి వారంలో మొద్దు మీద తెల్లటి బూజు జిగురుగా కనిపిస్తే భయపడకండి, పాత బ్రష్‌తో తుడిచేస్తే సరి.

సుధ_వనస్థలిపురం | జనవరి 12, సాయంత్రం 6:10

ఈ రోజే మొదటి రోజు. ఇసుక, మొద్దు, నీళ్ళు, స్పాంజ్ ఫిల్టర్ అన్నీ పెట్టేశాం. యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి, మాస్టారు చెప్పినట్టు 10 మిల్లీలీటర్లు సిరంజితో పోశాను. అమ్మోనియా 2, నైట్రైట్ 0, నైట్రేట్ 0. పీహెచ్ 7.4.

గోడ మీద క్యాలెండర్ పక్కన మా వాడు ఒక తెల్ల కాగితం అంటించి గడులు గీశాడు. రోజూ అంకెలు వాడే రాస్తాడట.

ఫ్రిస్కో_తెలుగోడు | జనవరి 12, రాత్రి 11:45

టెక్సాస్ నుంచి. మా దగ్గర మున్సిపల్ నీళ్ళలో క్లోరిన్ బదులు ఏడాదిలో ఎక్కువ భాగం క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసినది) ఉంటుంది, వసంతంలో ఒక నెల మాత్రం మామూలు క్లోరిన్‌కు మారుస్తారు. క్లోరిన్ అయితే బకెట్లో పట్టి ఒకటి రెండు రోజులు గాలి పంపు పెడితే పోతుంది. క్లోరమైన్ అంత తొందరగా పోదు. హైపో (సోడియం థయోసల్ఫేట్) వేస్తే క్లోరిన్ భాగం విరుగుతుంది కానీ అందులోని అమ్మోనియా నీళ్ళలోనే మిగులుతుంది. ఇండియా నుంచి కొత్తగా వచ్చి, అమ్మ చెప్పినట్టు నీళ్ళు రాత్రంతా నిలవబెట్టి చేపలు వేసి పోగొట్టుకున్నాను. అమెరికాలో చదువుతున్నవాళ్ళెవరైనా ఉంటే మీ ఊరి నీటి రిపోర్టులో ఏది కలుపుతున్నారో ఒకసారి చూసుకోండి. అమ్మోనియాను కూడా పట్టి ఉంచే కండిషనర్ వాడండి.

సుధ_వనస్థలిపురం | జనవరి 16, రాత్రి 9:05

ఐదో రోజు. మళ్ళీ అదే! పొద్దున లేచేసరికి నీళ్ళు తెల్లగా, మజ్జిగ తేటలా అయ్యాయి. మొద్దు అవతల గోడ కనిపించడం లేదు. చేపలు లేవు కాబట్టి టెన్షన్ తక్కువే, కానీ చేతులు ఊరుకోవడం లేదు. పటిక తిప్పితే తేరుతుంది అంటోంది మా అత్తగారు.

పాత_అక్వేరియం | జనవరి 16, రాత్రి 9:18

చేతులు కట్టేసుకోండి. ముట్టుకోవద్దు. అది మొద్దు నుంచి, ఇసుక నుంచి దిగిన సేంద్రియ పదార్థాన్ని తింటూ నీటిలో తేలే వేరే బ్యాక్టీరియా. తిండి అయిపోగానే అదే తగ్గిపోతుంది. నీళ్ళన్నీ మారిస్తే మళ్ళీ వస్తుంది.

పటిక బిందెలో నీళ్ళకు మంచిదే, అత్తగారి మాట తప్పు కాదు. తొట్టెలో వేస్తే మాత్రం నీటిలోని క్షారగుణాన్ని తినేసి పీహెచ్ దించేస్తుంది.

కెమిస్ట్రీ_మాస్టారు | జనవరి 17, ఉదయం 6:05

అవును, పటిక వద్దు. గాలి పంపు బాగా నడవనివ్వండి, ఈ తెల్లదనం ఉన్నప్పుడు నీళ్ళలో ఆక్సిజన్ ఎక్కువ ఖర్చవుతుంది.

సుధ_వనస్థలిపురం | జనవరి 20, రాత్రి 8:40

నీళ్ళు వాటంతటవే తేరుకున్నాయి! అద్దంలా ఉన్నాయి. కానీ అమ్మోనియా 2 దగ్గరే ఆగి ఉంది. ఎనిమిది రోజుల్లో ఇంచు కూడా కదల్లేదు. మా వాడి కాగితం మీద అన్ని గడుల్లోనూ 2, 0, 0.

కైకలూరు_చెరువు | జనవరి 20, రాత్రి 9:10

అమ్మా, నేను చేపల రైతుని. కొల్లేరు పక్కన శీలావతి, బొచ్చె పెంచుతాం. అక్వేరియం నాకు తెలియదు కానీ అమ్మోనియాతో ముప్పై ఏళ్ళ నుంచి పోరాటం. నీటి వేడి ఎంత ఉంది? సంక్రాంతి చలిలో మా చెరువుల్లో కూడా ఈ పని నెమ్మదిస్తుంది.

సుధ_వనస్థలిపురం | జనవరి 20, రాత్రి 9:22

ఇప్పుడే చూశానండీ, 21 డిగ్రీలు.

కైకలూరు_చెరువు | జనవరి 20, రాత్రి 9:30

అదే మరి. 28కి తెస్తే పరిగెత్తుతుంది.

పాత_అక్వేరియం | జనవరి 20, రాత్రి 9:41

రైతుగారు సరిగ్గా చెప్పారు. 50 వాట్ల హీటర్ తీసుకోండి, లీటరుకు ఒక వాటు లెక్క. గాజు పూర్తిగా నీటిలో మునగాలి. నీళ్ళు తీసేటప్పుడు ముందు ప్లగ్ పీకాలి, పీకిన పది నిమిషాల తర్వాతే చేయి పెట్టాలి. పిల్లాడికి ఇది గట్టిగా చెప్పండి.

మొక్కల_తొట్టె | జనవరి 20, రాత్రి 10:05

సుధగారూ, నా పెద్ద తొట్టెలో రెండేళ్ళుగా నడుస్తున్న స్పాంజ్ ఫిల్టర్ ఉంది. అందులో సగం కోసి ఇస్తాను, ఆదివారం వచ్చి తీసుకెళ్ళండి. ఏడాదిగా నా తొట్టెలో ఏ రోగమూ రాలేదు, ఏ మందూ వేయలేదు. రోగమొచ్చిన తొట్టె నుంచి మాత్రం ఎవరిచ్చినా తీసుకోకండి. స్పాంజ్ ఎండకూడదు, తొట్టె నీళ్ళతోనే కవర్లో వేసి ఇస్తాను. మధ్యలో ఎక్కడా ఆగకుండా ఇంటికెళ్ళండి.

సుధ_వనస్థలిపురం | జనవరి 26, రాత్రి 8:15

ఆదివారం వెళ్ళొచ్చాం. ఆవిడ తొట్టె ముందు మా వాడు గంటసేపు కదల్లేదు. ఇచ్చిన స్పాంజ్ చూస్తే నాకు లోపల ఏదోలా అయింది. కాఫీ పొడి రంగులో, జిగటగా, నొక్కితే గోధుమరంగు మడ్డి ఊరుతోంది. వాసన మాత్రం చెడ్డగా లేదు, తొలకరి తడి మట్టి వాసన. అక్టోబరులో నా చేతుల్లో ఉంటే ఈ పాటికి తెల్లగా మెరిసేలా రుద్ది పెట్టేదాన్ని. దాన్ని నా కొత్త స్పాంజ్ పక్కనే కట్టాను.

ఈ రోజు అమ్మోనియా 1, నైట్రైట్ 0.5! పరీక్ష గొట్టంలో లేత నీలం ఉండాల్సింది ఊదా రంగుకు తిరిగింది. అంత విషం కనిపించినందుకు ఇంట్లో చప్పట్లు కొట్టాం.

ఫ్రిస్కో_తెలుగోడు | జనవరి 26, రాత్రి 10:50

ఆ ఊదా రంగు మొదటిసారి చూసిన రోజు నేను ఫోటో తీసి అమ్మకు పంపాను. చాలా సంతోషం అండీ.

సుధ_వనస్థలిపురం | ఫిబ్రవరి 1, రాత్రి 9:00

రాత్రి 2 పీపీఎం అమ్మోనియా పోస్తే తెల్లారి రాత్రికి 0. మొదటి సగం అయినట్టేనా? నైట్రైట్ మాత్రం కిట్ చివరి రంగు దాటి ముదురు వంకాయ రంగుకు పోయింది. ఎంతుందో కూడా తెలియడం లేదు.

కెమిస్ట్రీ_మాస్టారు | ఫిబ్రవరి 2, ఉదయం 6:20

మొదటి సగం అయిందమ్మా. రంగు చార్టు దాటినప్పుడు, తొట్టె నీళ్ళు 1 వంతుకు ఆర్వో నీళ్ళు 9 వంతులు కలిపి పరీక్షించి, వచ్చిన అంకెను 10తో గుణించండి. ఇకపై అమ్మోనియా రోజూ వద్దు. మూడు రోజులకోసారి 5 మిల్లీలీటర్లు చాలు. మొదటి రకం బతికి ఉండాలి, నైట్రైట్ గుట్టలుగా పేరుకోకూడదు. నైట్రేట్ పరీక్షలో రెండో సీసా అరనిమిషం గట్టిగా కుదపాలి, లేకపోతే అడుగున పేరుకున్న పొడి కలవక తక్కువ చూపిస్తుంది.

కొత్తగా_మొదలు | ఫిబ్రవరి 2, మధ్యాహ్నం 2:10

మాస్టారూ, అమ్మోనియా సున్నా అయింది కదా, ఇప్పుడు చేపలు వేస్తే ఏమవుతుంది?

కైకలూరు_చెరువు | ఫిబ్రవరి 2, సాయంత్రం 5:35

చచ్చిపోతాయి తమ్ముడూ. నైట్రైట్ రక్తంలోకి పోతే రక్తం గోధుమరంగుకు తిరుగుతుంది, ఆక్సిజన్ మోయలేదు. నీళ్ళలో గాలి ఎంతున్నా చేప ఊపిరాడక పైకొస్తుంది. మేం మొప్ప ఎత్తి చూసి చెప్పేస్తాం. చెరువులో అలా అయితే ఉప్పు చల్లుతాం, ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల్లోంచి లోపలికి పోనివ్వదు. అది ప్రాణం మీదికొచ్చినప్పుడు చేసే పని. మీకు చేపే లేదు కాబట్టి ఆగడం తేలిక.

ఇంకోటి, మా వైపు అమ్మోనియాకు జియోలైట్ అనే ఖనిజం చల్లుతారు. మీరు వేయకండి. అది అమ్మోనియాను పీల్చేస్తుంది, మీ బ్యాక్టీరియాకు తిండి ఉండదు.

సుధ_వనస్థలిపురం | ఫిబ్రవరి 7, రాత్రి 9:25

ఏదో తేడాగా ఉంది. నైట్రైట్ వారం నుంచి దిగలేదు. దానికితోడు మొన్నటిదాకా ఒక్క రోజులో మాయమైన అమ్మోనియా కూడా ఈ రోజు 0.5 మిగిలింది. వెనక్కి పోతోందా? నిన్న నాలుగు గంటలు కరెంటు పోయింది, దానివల్లా?

పాత_అక్వేరియం | ఫిబ్రవరి 7, రాత్రి 9:40

నాలుగు గంటలకు స్పాంజ్ ఫిల్టర్ అంత దెబ్బతినదు. అయినా బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి కొని పెట్టుకోండి. పీహెచ్ చూశారా?

సుధ_వనస్థలిపురం | ఫిబ్రవరి 7, రాత్రి 9:52

6.2!! మొదటి రోజు 7.4 ఉండేది.

కైకలూరు_చెరువు | ఫిబ్రవరి 7, రాత్రి 10:01

అమ్మా, ఏ నీళ్ళు పోశారు?

సుధ_వనస్థలిపురం | ఫిబ్రవరి 7, రాత్రి 10:08

శుభ్రంగా ఉంటాయని వీధి చివర వాటర్ ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్లు రెండు తెప్పించాను. మిగతా 10 లీటర్లు కృష్ణా కుళాయి నీళ్ళు. చెప్పాల్సిన విషయమని అప్పుడు తోచలేదు.

కైకలూరు_చెరువు | ఫిబ్రవరి 7, రాత్రి 10:20

దొరికింది. క్యాన్ నీళ్ళు ఆర్వో నీళ్ళు, వాటిలో ఉప్పులూ సున్నమూ దాదాపు తీసేసి ఉంటాయి. ఆల్కలినిటీ, అంటే నీటి క్షారగుణం, ఉండదు. ఈ బ్యాక్టీరియా పనిచేసేటప్పుడు ఆమ్లం పుడుతుంది, దాన్ని తట్టుకునేది ఆల్కలినిటీయే. మీరు పెట్టిన కాస్తా ఖర్చయిపోయింది, పీహెచ్ జారింది, బ్యాక్టీరియా నిద్రపోయింది. చచ్చిపోలేదు, కంగారుపడకండి. రొయ్యల చెరువుల్లో వారం వారం మేం చూసుకునే మొదటి అంకె ఇదే.

కెమిస్ట్రీ_మాస్టారు | ఫిబ్రవరి 8, ఉదయం 5:50

రైతుగారికి నమస్కారం, లెక్క కట్టి చెబుతున్నాను. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేట్ కావడానికి దాదాపు 7 మిల్లీగ్రాముల ఆల్కలినిటీ ఖర్చవుతుంది. మీరు ఈ నెలలో పోసినదానికి ఆ 10 లీటర్ల కుళాయి నీళ్ళ బలం ఎక్కడ సరిపోతుంది?

ఇలా చేయండి. సగం నీళ్ళు తీసి, యాంటీ క్లోరిన్ వేసిన కుళాయి నీళ్ళు పోయండి. దాంతో నైట్రైట్ కూడా సగమవుతుంది. తర్వాత ఒక టీస్పూను వంట సోడా మగ్గులో కరిగించి నెమ్మదిగా పోయండి. 50 లీటర్లకు అది లీటరుకు దాదాపు 50 మిల్లీగ్రాముల ఆల్కలినిటీ పెంచుతుంది. వంట సోడానే వాడాలి. బట్టల సోడా కాదు, బేకింగ్ పౌడర్ కాదు.

ఇంకో మాట గుర్తుంచుకోండి. పీహెచ్ 7 నుంచి 8కి వెళితే అమ్మోనియా విషం సుమారు పది రెట్లవుతుంది. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది, పీహెచ్ పెరిగేకొద్దీ విషరూపం వాటా పెరుగుతుంది. చేపలున్న తొట్టెలో అమ్మోనియా ఉండగా ఈ సోడా వైద్యం ఎవరూ చేయవద్దు. చేపలు లేవు కాబట్టే ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

సుధ_వనస్థలిపురం | ఫిబ్రవరి 10, రాత్రి 8:30

పీహెచ్ 7.6. అమ్మోనియా 0. నైట్రైట్ మొదటిసారి ఒక మెట్టు దిగింది. గడుల కాగితం అయిపోయి ఇంకోటి అంటించాడు.

మొక్కల_తొట్టె | ఫిబ్రవరి 11, ఉదయం 11:15

వచ్చినప్పుడు అంతరతామర నాలుగు మొక్కలు ఇస్తాను, నైట్రేట్ లాగేస్తాయి. నావి తొట్టెలో పెరిగినవే. చెరువులోంచి మొక్కలు తెచ్చుకునేవాళ్ళు మాత్రం పటిక నీళ్ళలో నానబెట్టి బాగా కడిగి వేసుకోండి. నత్తగుడ్లు, జలగలు, తూనీగ పిల్లపురుగులు వస్తాయి. తూనీగ పురుగు చిన్న చేపపిల్లలను పట్టి తినేస్తుంది, నా గప్పీ పిల్లలు అలాగే పోయాయి.

సుధ_వనస్థలిపురం | ఫిబ్రవరి 18, రాత్రి 9:10

16వ తేదీ నైట్రైట్ 0 అయింది. నమ్మకం కుదరక నిన్న రాత్రి మళ్ళీ పూర్తిగా 10 మిల్లీలీటర్లు పోశాను. ఈ రాత్రికి అమ్మోనియా 0, నైట్రైట్ 0. నైట్రేట్ గొట్టం కుంకుమ రంగులో ఉంది, 80 పైనే. 38 రోజులు.

ఇప్పుడు చెప్పండి, ఏ చేపలు వేయాలి? ఎన్ని?

పాత_అక్వేరియం | ఫిబ్రవరి 18, రాత్రి 9:35

ఇప్పుడు మీ తొట్టె సిద్ధం. 2 పీపీఎం పోస్తే 24 గంటల్లో రెండూ సున్నా కావడమే పరీక్ష, రోజుల లెక్క కాదు.

రేపు 80 శాతం నీళ్ళు మార్చండి, నైట్రేట్ దిగాలి. వేడి సమంగా ఉండేలా చూసుకోండి. స్పాంజ్ ముట్టుకోకండి. మీ కుళాయి నీళ్ళకు గప్పీలు బాగా సరిపోతాయి, కొంచెం కాఠిన్యం ఉన్న నీళ్ళే వాటికి ఇష్టం. మగవి ఆరు తీసుకోండి. ఆడవి కలిపితే మూడు నెలల్లో పిల్లలతో తొట్టె నిండిపోతుంది. గోల్డ్‌ఫిష్ వద్దని అబ్బాయికి మెల్లగా నచ్చజెప్పండి. షాపులో ఏ తొట్టెలో చచ్చిన చేప కనిపించినా ఆ తొట్టె చేపలు కొనకండి.

చేపలు ఏ రోజు వేస్తే ఆ రోజు దాకా బ్యాక్టీరియాకు అమ్మోనియా అందాలి. ఎక్కువ రోజులు ఖాళీగా ఉంచకండి.

సుధ_వనస్థలిపురం | ఫిబ్రవరి 21, రాత్రి 9:45

నిన్న సాయంత్రం తెచ్చాం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఇంటి దాకా కవరు మా వాడి ఒళ్ళోనే ఉంది, చున్నీ కప్పాం. లైటు ఆర్పేసి కవరును తొట్టె నీళ్ళలో 20 నిమిషాలు తేలనిచ్చాం. తర్వాత ఐదు నిమిషాలకోసారి టీగ్లాసుతో కొంచెం కొంచెం తొట్టె నీళ్ళు కవర్లో కలుపుతూ పోయాం. ఆఖరుకు చేపలను వలతో పట్టి వదిలాం, షాపు నీళ్ళు తొట్టెలో పడనివ్వలేదు. మొదట ఆరూ మొద్దు వెనక్కి పోయి దాక్కున్నాయి. పావుగంటకు నీలం తోకది ఒకటి బయటికొచ్చి అద్దం దగ్గర మా వాడి ముక్కుకు ఎదురుగా నిలబడింది. వాడు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. దాని తోక కదిలినప్పుడు అంచున సన్నటి నల్ల గీత కనిపించింది.

ఈ రాత్రి 24 గంటల తర్వాత కిట్: అమ్మోనియా 0. నైట్రైట్ 0. పీహెచ్ 7.6. ఆరూ ఉన్నాయి. ఆరూ తిన్నాయి, చిటికెలో పావు వంతే వేశాం. అంకెలు రాశాక కాగితం కింద వాడు ఆరు చేపల బొమ్మలు గీశాడు.

కైకలూరు_చెరువు | ఫిబ్రవరి 21, రాత్రి 10:02

చల్లగా ఉండాలమ్మా. వారం దాకా రోజూ, తర్వాత వారానికోసారి ఆ అంకెలు చూస్తూ ఉండండి. అబ్బాయిని కైకలూరు తీసుకురండి, చెరువు గట్టు మీద తిప్పి చూపిస్తాను.

కొత్తగా_మొదలు | ఫిబ్రవరి 21, రాత్రి 10:30

అక్కా, జనవరి నుంచి రోజూ ఈ చర్చ చదువుతూనే ఉన్నా. ఫైటర్ ఇంకా కొనలేదు. 20 లీటర్ల తొట్టె, చిన్న స్పాంజ్ ఫిల్టర్ తెచ్చుకున్నా, అమ్మోనియం క్లోరైడ్ కూడా దొరికింది. నేను ఉండేది హయత్‌నగర్‌లో. మీ దగ్గరి నుంచి కొంచెం స్పాంజ్ దొరుకుతుందా?

సుధ_వనస్థలిపురం | ఫిబ్రవరి 21, రాత్రి 10:41

తప్పకుండా తమ్ముడూ. ఇప్పుడే కోసి ఇస్తే నా చేపలకు ఇబ్బంది కావచ్చు. నీ స్పాంజ్ ఫిల్టర్ రేపు తెచ్చి ఇవ్వు, నా తొట్టెలో నా ఫిల్టర్ పక్కనే నడుపుతాను. నాలుగైదు వారాలకు దానికీ పట్టేస్తుంది. అప్పుడు మా తొట్టె నీళ్ళతోనే కవర్లో వేసి ఇస్తాను. ఈలోపు నువ్వు ఇసుక కడుక్కో. నింపేటప్పుడు క్యాన్ నీళ్ళు మాత్రం పోయకు.